వైద్య పరిశోధనలో వేసవి శిక్షణ ఎవరికి అందుతోంది?

ఏటా నవంబరు, డిసెంబరు నెలలు వచ్చేసరికి తెలిసిన కుటుంబాల నుంచి నాకు ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. "మా అమ్మాయి డాక్టరు కోర్సుకు వెళ్దామనుకుంటోందండీ, వేసవిలో మీ ల్యాబులో గానీ, మీకు తెలిసినవాళ్ళ ల్యాబులో గానీ ఏమైనా అవకాశం ఉంటుందా?" అని అడుగుతారు. నేను అమెరికాలో ఒక వైద్య కళాశాలకు చెందిన పరిశోధనాశాలలో పనిచేస్తున్నాను కనుక ఆ ప్రశ్న నన్ను అడగడం సహజమే. పిల్లల మేలు కోరే తల్లిదండ్రులు అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ప్రశ్న వెనుక ఉన్న ఒక సంగతిని మనం తరచుగా గమనించము. అడగడానికి మనకు ఒక మనిషి ఉన్నాడు. ఇంట్లో ఎవరూ కళాశాల గడప తొక్కని విద్యార్థికి, అమెరికా మూలవాసి తెగలకు కేటాయించిన రిజర్వేషన్ భూముల్లో పెరిగిన మూలవాసి విద్యార్థికి, మిసిసిపీలోనో టెక్సస్ సరిహద్దులోనో చిన్న ఊరి బడిలో చదివిన విద్యార్థికి అలా అడగగలిగిన మనిషి ఉండడు. వైద్య పరిశోధనలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాల విద్యార్థుల కోసం ఈ దేశంలో ప్రత్యేకంగా వేసవి కార్యక్రమాలు ఏర్పడడానికి మూలకారణం అదే. వాటి గురించి మన కుటుంబాల్లో సగం సమాచారం, సగం అపోహ ఉన్నాయి కనుక నాకు తెలిసినంతలో వివరంగా రాయాలనిపించింది.

సాధారణంగా ఈ శిక్షణ మే చివరలోనో జూన్ మొదటి వారంలోనో మొదలై ఆగస్టు తొలి రోజుల వరకు, అంటే ఎనిమిది నుంచి పది వారాల పాటు సాగుతుంది. మొదటి వారం భద్రతా శిక్షణతో, రోగుల సమాచారాన్ని గోప్యంగా ఉంచడానికి సంబంధించిన నియమాలతో గడిచిపోతుంది. ఆ తరువాత విద్యార్థి ఒక చిన్న ప్రశ్నను తన సొంత ప్రశ్నగా తీసుకుని పైపెట్ పట్టడం, కణాలను పెంచడం, లేదా వేలాది రోగుల వివరాలున్న పట్టికలను శుభ్రపరిచి లెక్కలు కట్టడం నేర్చుకుంటాడు. చివరి వారంలో ఒక పోస్టరు ముందు నిలబడి, వచ్చిపోయేవారు అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. పది వారాల్లో గొప్ప ఆవిష్కరణ ఏదీ జరగదు, జరగాలని ఎవరూ ఆశించరు కూడా. ఆ వ్యవధిలో జరిగేదల్లా ఒక ప్రయోగం మూడుసార్లు విఫలమైనప్పుడు దానికి కారణం తన తెలివితక్కువతనం కాదని, పరిశోధన స్వభావమే అంతని విద్యార్థికి అనుభవంలోకి రావడం. ఆ అనుభవం లేనివారు మొదటి వైఫల్యంతోనే "ఇది నాకు కాదు" అనుకుని తప్పుకుంటారు.

అమెరికాలో వైద్యవిద్య నాలుగేళ్ళ డిగ్రీ తరువాత మొదలవుతుంది. ప్రవేశాల సమయంలో పరిశోధనానుభవానికి విలువ ఇస్తారు, ఎండీతో (ఇక్కడ అదే తొలి వైద్య పట్టా) పాటు పీహెచ్‌డీ కూడా చేయదలచిన వారికి అది దాదాపు తప్పనిసరి. వైద్య కళాశాలలో చేరిన తరువాత మొదటి, రెండవ సంవత్సరాల మధ్య ఒక వేసవి ఖాళీగా దొరుకుతుంది. చాలామందికి ఖాళీగా మిగిలే చివరి వేసవి అదే. జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్‌ఐహెచ్) టీ-35 అనే స్వల్పకాల శిక్షణ నిధులను ప్రధానంగా ఆ వేసవి కోసమే ఇస్తాయి. రక్తవ్యాధుల నిపుణుల సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2000ల తొలి సంవత్సరాల నుంచి, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల వైద్యవిద్యార్థులకు ఇటువంటి వేసవి అవకాశం కల్పిస్తూ వచ్చింది. డిగ్రీ విద్యార్థులకు ఆమ్‌జెన్ స్కాలర్స్, లీడర్‌షిప్ అలయన్స్ వంటి కార్యక్రమాలు ఉన్నాయి.

ఒక్క వేసవి ఎంత దూరం తీసుకువెళ్ళగలదో చెప్పడానికి విజ్ఞానశాస్త్ర చరిత్రలో మంచి ఉదాహరణలున్నాయి. మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే చిన్న సముద్రతీర పట్టణంలో జాక్సన్ ప్రయోగశాల ఉంది. 1955 వేసవిలో అక్కడ డేవిడ్ బాల్టిమోర్ అనే ఉన్నత పాఠశాల విద్యార్థి, తనకంటే కొద్దిగా పెద్దవాడైన హోవర్డ్ టెమిన్‌ను కలుసుకున్నాడు. వైరస్‌లలో ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుచేసే ఎంజైమును ఆ ఇద్దరూ 1970లో వేర్వేరు ప్రయోగశాలల్లో కనుగొన్నారు. 1975లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఎంతోమంది పరిశోధకుల జీవితకథల్లో ఇటువంటి వేసవి ఒకటి కనిపిస్తుంది. అది తమకు ఎలా దొరికిందని వారిని అడిగితే బంధువో, ఉపాధ్యాయుడో, కుటుంబ మిత్రుడో చెప్పాడనే సమాధానమే ఎక్కువగా వస్తుంది.

అటువంటి మనిషి లేని చోట ఒక కార్యక్రమం ఆ పని చేయగలదని కిజ్మెకియా కార్బెట్ జీవితం చూపిస్తుంది. ఉత్తర కరోలినాలోని గ్రామీణ ప్రాంతానికి చెందిన ఈ నల్లజాతి శాస్త్రవేత్త, ఉన్నత పాఠశాలలో చదువుతున్నప్పుడు ప్రాజెక్ట్ సీడ్ ద్వారా చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో వేసవులు గడిపింది. అమెరికన్ కెమికల్ సొసైటీ 1968లో మొదలుపెట్టిన ఆ కార్యక్రమం, తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు డబ్బు ఇచ్చి మరీ ప్రయోగశాలలో పని నేర్పుతుంది. ఆ తరువాత ఆమె, 1988లో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలో మొదలైన మేయర్‌హాఫ్ ఉపకారవేతనంతో డిగ్రీ చదివి, 2014లో చాపెల్ హిల్‌లోనే పీహెచ్‌డీ పూర్తిచేసింది. 2020లో ఎన్‌ఐహెచ్ టీకా పరిశోధన కేంద్రం మోడెర్నాతో కలిసి కోవిడ్ టీకాను రూపొందించినప్పుడు, ఆ బృందంలోని ముఖ్యులలో ఆమె ఒకరు.

ఈ అసమానత దానంతట అదే ఏర్పడినది కాదు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా వైద్యవిద్యపై ఇచ్చిన నివేదిక బోధనా ప్రమాణాలను పెంచిన మాట నిజమే. కానీ దాని తరువాతి సంవత్సరాల్లో, అప్పటికి నల్లజాతివారి కోసం నడుస్తున్న ఏడు వైద్య కళాశాలల్లో ఐదు మూతపడ్డాయి. వాషింగ్టన్‌లోని హోవర్డ్, నాష్‌విల్‌లోని మెహారీ మాత్రమే మిగిలాయి. అదే 1910లో పుట్టిన వివియన్ థామస్ వైద్యుడు కావాలని డబ్బు కూడబెట్టుకున్నాడు. ఆర్థిక మాంద్యం మొదలవడంతో ఆ చదువు వాయిదా వేసుకుని, 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు ఆల్ఫ్రెడ్ బ్లలాక్ ప్రయోగశాలలో పనికి చేరాడు. కొద్ది నెలల్లోనే బ్యాంకు కూలిపోయి ఆ డబ్బంతా పోయింది. చేసింది పరిశోధకుడి పని, కానీ జీతపు పుస్తకంలో అతని హోదా పారిశుధ్య పనివాడిది. గుండెలోపంతో నీలంగా మారిపోయే పసిపిల్లల కోసం జంతువులపై శస్త్రచికిత్స పద్ధతిని అభ్యసించి రూపొందించిన ఆ మనిషి, 1944 నవంబరు 29న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆ శస్త్రచికిత్స తొలిసారి జరుగుతున్నప్పుడు బ్లలాక్ వెనుక ఒక పీట మీద నిలబడి ఒక్కొక్క కుట్టుకూ సలహా చెప్పాడు. గౌరవ డాక్టరేటు మాత్రం 1976లో గానీ రాలేదు. అతనికి కొరవడినది ప్రతిభ కాదని వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో పనిచేస్తున్న వైద్యుల్లో నల్లజాతివారి వాటా ఈనాటికీ 6 శాతం లోపే, జనాభాలో వారి వాటా అందుకు రెట్టింపుకు పైగా ఉంది.

ఇది న్యాయానికి సంబంధించిన విషయం మాత్రమే అనుకునేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. ఎవరు ప్రశ్నిస్తారన్నదాన్ని బట్టి ఏ ప్రశ్న పరిశోధనకు వస్తుందన్నది కూడా మారుతుంది. కోవిడ్ రెండవ దశలో మన ఊళ్ళల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరునే తీసుకోండి. ఆ పరికరం చర్మం గుండా కాంతిని పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది, చర్మంలోని వర్ణకం ఆ అంచనాను ప్రభావితం చేస్తుంది. నల్లజాతి రోగుల్లో అది కొన్నిసార్లు తప్పు చూపిస్తోందని 1990లోనే ఒక అధ్యయనం చెప్పినా, వైద్యలోకం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పరికరం 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా రక్తపరీక్షలో అసలు స్థాయి 88 శాతం కంటే తక్కువగా తేలిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే, నల్లవారిలో 11.7 శాతం ఉన్నాయి. ఆ ముప్ఫై ఏళ్ళ ఆలస్యానికి కారణం యంత్రం కాదు. అది తమ తల్లికో అన్నకో తగిలించినప్పుడు సంఖ్యను అనుమానించే మనుషులు, ఆ ప్రశ్నను పరిశోధనగా మార్చగల స్థానాల్లో చాలినంతమంది లేకపోవడమే కారణమని నేను నమ్ముతాను. చామనఛాయ, నలుపు మన ఇళ్ళలోనూ ఉన్న రంగులే కనుక ఇది మనకు దూరపు విషయం కూడా కాదు.

మూత్రపిండాల పనితీరును లెక్కగట్టే సూత్రం సంగతి ఇంకా స్పష్టమైనది. 2009 నాటి సూత్రంలో రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని 1.159తో హెచ్చించేవారు. దానివల్ల కాగితం మీద మూత్రపిండం నిజానికంటే మెరుగ్గా కనిపించి, మార్పిడి జాబితాలోకి చేరడం ఆలస్యమయ్యేది. ఈ హెచ్చవేతను గట్టిగా ప్రశ్నించినవారిలో పలు కళాశాలల వైద్యవిద్యార్థులు ముందున్నారు. 2021లో జాతి ప్రసక్తి లేని కొత్త సూత్రం వచ్చింది. పాఠంలో ఉన్నది కదా అని మిగతావారు దాటిపోయిన చోట ఒక విద్యార్థి ఆగి "ఎందుకు?" అని అడగగలగడానికి, ఆ గదిలో ఆ విద్యార్థి ఉండాలి.

పెద్ద స్థాయిలో కూడా ఇదే కనిపిస్తుంది. ఎన్‌ఐహెచ్ పరిశోధన నిధులకు దరఖాస్తు చేసినవారిలో, చదువు, ప్రచురణలు వంటివి సరిపోల్చి చూసిన తరువాత కూడా, నల్లజాతి పరిశోధకులకు నిధి దొరికే అవకాశం తెల్లవారి కంటే సుమారు 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2019లో వచ్చిన మరొక విశ్లేషణ, ఆ తేడాలో కొంత భాగం వారు ఎంచుకునే అంశాల వల్ల వస్తోందని చెప్పింది. సమాజాల ఆరోగ్యం, ఆరోగ్య అసమానతల వంటి అంశాలకు నిధులు తక్కువగా దక్కుతున్నాయి. ఎర్ర రక్తకణాల ఆకారం మారిపోయే వంశపారంపర్య వ్యాధి సికిల్ సెల్, అమెరికాలో పుట్టే ప్రతి 365 మంది నల్లజాతి శిశువుల్లో ఒకరికి వస్తుంది. అయినా దశాబ్దాలుగా దానిపై ఒక్కో రోగికి అయ్యే పరిశోధన వ్యయం, తెల్లవారిలో ఎక్కువగా కనిపించే సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పోలిస్తే చాలా తక్కువ. పాడేరు, ఆదిలాబాదు ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలకు ఈ వ్యాధి బాగా తెలుసు. భారతదేశం దాని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది 2023 జులైలో.

ఇక ఈ కార్యక్రమాల్లో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. అది డబ్బు. వేసవిలో ప్రయోగశాలలో జీతం లేకుండా పనిచేయడానికి సిద్ధపడే విద్యార్థులు ఎప్పుడూ దొరుకుతారు. వారిని తీసుకునే ఆచార్యులు తాము ఎవరికీ అన్యాయం చేయడం లేదనే అనుకుంటారు. కానీ జీతం లేని స్థానం అంటే తిండి, అద్దె, ప్రయాణం మరొకరు భరించగల పిల్లలకు మాత్రమే ఇచ్చిన స్థానం. వేసవి అనేది పేద విద్యార్థికి ఖాళీ సమయం కాదు, సంపాదించుకునే సమయం. ఇక్కడి కళాశాలల్లో చాలా వాటిలో, ఆర్థిక సహాయం లెక్కగట్టేటప్పుడే విద్యార్థి వేసవిలో ఇంత సంపాదించి తెస్తాడని ఒక మొత్తాన్ని ముందుగా తగ్గించి ఉంచుతారు. ఆ విద్యార్థి వేసవంతా ఉచితంగా ప్రయోగాలు చేస్తే, సెప్టెంబరులో ఆ మొత్తం అతని మెడకు చుట్టుకుంటుంది. కొందరు ఇంటికి పంపించే డబ్బు కూడా ఆ సంపాదనలోదే. చెల్లెళ్ళను చూసుకోవడానికి, తల్లి రెండవ షిఫ్టుకు వెళ్ళగలగడానికి వేసవిలో ఇంటి దగ్గర ఉండవలసినవారూ ఉన్నారు.

స్టైపెండ్ ఇస్తున్న చోట కూడా అది ఎప్పుడు చేతికి వస్తుందన్నది ఎవరూ ఆలోచించని ప్రశ్న. నాకు తెలిసిన ఒక కార్యక్రమంలో మొదటి చెల్లింపు జూన్ చివరికి గానీ వచ్చేది కాదు. గది అద్దె, దానికి ముందస్తు జమ మాత్రం మొదటి రోజే కట్టాలి. విమాన టిక్కెట్టు విద్యార్థే కొనుక్కుంటే తరువాత రశీదు చూసి తిరిగి చెల్లించేవారు. ఎంపికైన ఒక అమ్మాయి చివరి నిమిషంలో రాలేనని రాసినప్పుడు, ఆమెకు ఆసక్తి లేదని అందరూ అనుకున్నారు. ఫోన్ చేసి మాట్లాడితే తెలిసింది, ఆమె దగ్గర క్రెడిట్ కార్డు లేదు, టిక్కెట్టుకు డబ్బు లేదు, ఆ మాట అడగడానికి నోరు రాలేదు. ఆ తరువాతి సంవత్సరం నుంచి టిక్కెట్టు కార్యక్రమమే కొని పంపడం, మొదటి చెల్లింపును చేరే రోజుకు మార్చడం, వసతిని విశ్వవిద్యాలయ హాస్టల్లోనే ఏర్పాటు చేయడం జరిగింది. ఎంపిక కమిటీలో ఎంత చర్చ జరిగినా, ఎన్ని మంచి మాటలు రాసుకున్నా, ఈ మూడు మార్పులు చేసినంత మేలు మరేదీ చేయలేదు.

మన కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇవన్నీ వాళ్ళ కోసమే, మన పిల్లలకు రావు." ఇది పూర్తిగా నిజం కాదు. అమెరికా వైద్య కళాశాలల్లో భారతీయ మూలాలున్న విద్యార్థుల సంఖ్య జనాభా నిష్పత్తి కంటే ఎక్కువ కనుక, జాతి ప్రాతిపదికన మనం తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గం కాదన్నది వాస్తవం, దాన్ని ఒప్పుకోవడంలో మనకు పోయేదేమీ లేదు. అయితే 2019లో ఎన్‌ఐహెచ్ ప్రకటించిన నిర్వచనంలో ఆర్థిక, సామాజిక ప్రతికూలతలు కూడా ఉండేవి. ఇల్లు లేకపోవడం, పోషక కుటుంబంలో పెరగడం, బడిలో ఉచిత భోజనానికి అర్హత ఉండడం, తల్లిదండ్రులెవరికీ డిగ్రీ లేకపోవడం, పెల్ గ్రాంటుకు (తక్కువ ఆదాయమున్న విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే సహాయం) అర్హత, గ్రామీణ ప్రాంతంలో పెరగడం వంటి వాటిలో ఏ రెండు వర్తించినా ఆ విద్యార్థి వెనుకబడిన నేపథ్యంవాడిగా లెక్కలోకి వచ్చేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలకు ఇది వర్తించేది కాదు. కానీ ఇక్కడి పౌరులైన తోబుట్టువులు వేసిన వలస పిటిషన్ మీద వచ్చి మోటెళ్ళలో, పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేస్తున్న తెలుగువారు మన మధ్యనే ఉన్నారు. సంఘాల వేదికల మీద వారు తక్కువగా కనిపిస్తారు, వారి పిల్లలకు ఈ సమాచారం అందదు. మరొక అడ్డంకి కూడా ఉంది. ఎన్‌ఐహెచ్ శిక్షణ నిధులతో నడిచేవాటిలో చాలా వరకు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే పరిమితం. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి ఆగిపోయిన కుటుంబాల్లో, తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు ఇక్కడే పెరిగినా వీటికి అర్హులు కారు.

దరఖాస్తు గురించి రెండు మాటలు. అవి సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో తెరుచుకుని జనవరి, ఫిబ్రవరిలో ముగుస్తాయి కనుక ఏప్రిల్‌లో వెతకడం వృథా. సొంత వ్యాసంలో కష్టాల పట్టిక కంటే, ఏ ప్రశ్న తనను వెంటాడుతోందో విద్యార్థి స్పష్టంగా రాస్తే చదివేవారికి ఎక్కువ ఉపయోగం. సిఫారసు లేఖ పేరున్నవారి నుంచి వచ్చినదానికంటే, విద్యార్థిని దగ్గరగా చూసిన కమ్యూనిటీ కళాశాల (తక్కువ ఫీజుతో రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కళాశాల) ఉపాధ్యాయురాలు రాసినది బలంగా ఉంటుందని ఆ లేఖలు చదివిన అనుభవంతో చెబుతున్నాను.

ఇప్పుడు ఈ కార్యక్రమాలు కష్టకాలంలో ఉన్నాయి. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించరాదని తీర్పు ఇచ్చిన తరువాత, అనేక సంస్థలు తమ కార్యక్రమాల పేర్లను, అర్హతలను మార్చుకున్నాయి. ఆదాయం, మొదటి తరం చదువు, పెరిగిన ప్రాంతం వంటి ప్రాతిపదికలకు మారడంలో నాకు అభ్యంతరం లేదు, వాటిలో చాలా భాగం ఎలాగూ ఉండవలసినవే. కానీ 2025లో జరిగింది వేరు. ఎన్‌ఐహెచ్ ఆ ఏడాది తన సొంత వేసవి ఇంటర్న్‌షిప్‌ను రద్దుచేసింది. 1970ల నుంచి నడుస్తూ వచ్చిన మార్క్ వంటి డిగ్రీ స్థాయి శిక్షణ కార్యక్రమాల నిధులను కూడా నిలిపివేసింది. ప్రాతిపదికను సరిదిద్దడం ఒకటి, అవకాశాన్నే తీసివేయడం మరొకటి. అధికారిక కార్యక్రమం పోయినంత మాత్రాన ప్రయోగశాలలకు వేసవిలో విద్యార్థులు రావడం ఆగదు, తెలిసినవారి ద్వారా వచ్చేవారు వస్తూనే ఉంటారు. ప్రకటన చూసి వచ్చేవారే ఆగిపోతారు.

మన రాష్ట్రాల వైద్యవిద్యార్థులకు దీనికి దగ్గరగా ఉన్నది భారత వైద్య పరిశోధన మండలి 1979లో మొదలుపెట్టిన స్వల్పకాల విద్యార్థి పరిశోధన పథకం, అందరూ ఎస్‌టీఎస్ అని పిలిచేది. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులు తమ కళాశాలలోనే ఒక ఆచార్యుని మార్గదర్శకత్వంలో రెండు నెలల పరిశోధన చేసి నివేదిక సమర్పించాలి. మంచి పథకం, ఎందరికో తొలి పరిశోధన దానివల్లే సాధ్యమైంది. అయితే అందులో స్టైపెండ్ నివేదిక ఆమోదం పొందిన తరువాతే చేతికి వస్తుంది. పరీక్షల కిట్లు, ముద్రణ, తిరుగుడు ఖర్చులు అంతవరకు విద్యార్థి పెట్టుకోవాలి, లేదా ఉదారంగా పెట్టగల గైడు దొరకాలి. సంక్షేమ వసతిగృహంలో ఉండి చదువుకుని, గురుకులం నుంచి వైద్య కళాశాలకు వచ్చిన దళిత, ఆదివాసీ విద్యార్థికి ఇది ఎంత పెద్ద అడ్డంకో ఊహించడం కష్టం కాదు. మొత్తంలో కొంత భాగాన్ని ప్రతిపాదన ఆమోదం పొందిన రోజే ఇవ్వవచ్చు, మిగిలినది నివేదిక తరువాత ఇవ్వవచ్చు. మండలి ఆ మార్పు చేసేంతవరకు, విదేశాల్లో ఉన్న మన వైద్య కళాశాలల పూర్వ విద్యార్థుల సంఘాలు తమ కళాశాలలో ఎంపికైన పేద విద్యార్థులకు ఆ ఖర్చును ముందుగా సర్దవచ్చు. భవనాలకు, విగ్రహాలకు మనం ఇస్తున్న విరాళాలతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

ప్రయోగశాలలు నడుపుతున్న తెలుగు ఆచార్యులను నేను కోరేది కూడా ఇటువంటిదే. వేసవిలో మీ దగ్గర ఒక స్థానం ఉంటే, దాన్ని వాట్సాప్‌లో అడిగిన మొదటి మిత్రుడి బిడ్డకు ఇవ్వడానికి ముందు, జీతం ఎంతో రాసి, మీకు దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కళాశాల జీవశాస్త్ర విభాగానికి ఒక ప్రకటన పంపండి. మిత్రుడి బిడ్డనూ అందరితో పాటు అక్కడే దరఖాస్తు చేయమని చెప్పండి. ఈమధ్య నాకు ఫోన్ చేసేవారికి నేను ఇస్తున్న సమాధానం అదే, దానితో పాటు గడువు తేదీలు కూడా రాసి పంపుతున్నాను.